పూత గిల్లిన నలభై చెట్లు

నాకు ఎవరి మీదా మంచి అభిప్రాయం ఉండదని మా ఊళ్ళో అందరూ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఏడో తరగతి సగంలో ఉండగా మా నాయన నన్ను బడి మాన్పించి తిరుపతిలో బస్టాండు పక్కన ఒక హోటల్లో గ్లాసులు కడగడానికి పెట్టాడు. లెక్కల అయ్యవారు ఇంటికి వచ్చి, "వీడు సదివితే ఉద్యోగస్తుడైతాడు మునివెంకటప్పా" అన్నాడు. మా నాయన బీడీ ఆర్పి, "ఎప్పుడైతాడు సారూ? ఆ హోటలాయన ఈ పొద్దు కూలి ఈ పొద్దే ఇస్తానంటాండాడు గదా" అన్నాడు. అయ్యవారు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని పోయాడు. అప్పుడు మొదలైన ఒళ్ళుమంట నాకు యాభై రెండేళ్ళు వచ్చినా చల్లారలేదు.

అట్లాంటివాణ్ణి ఒక మనిషికి రుణపడి ఉన్నానని రాయడానికి కూర్చున్నాను. ఆ మనిషి మా అత్త. పేరు సుబ్బులమ్మ.

మా అత్త నాతో నేరుగా మాట్లాడదు. అల్లుడి ఎదుట కూర్చోకూడదు, ముఖం చూసి మాట్లాడకూడదు అనేది ఆమె కాలం పద్ధతి. నేను పక్కనే నిలబడి ఉన్నా సరే, నాకు చెప్పాల్సింది నా భార్య రేవతికి చెబుతుంది. రేవతి లేకపోతే మేకకు చెబుతుంది. మేక కూడా మేతకు పోయి ఉంటే బిందెకో గోడకో చెబుతుంది. పెళ్ళయిన కొత్తలో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయింది. ఆమెకు కొడుకులు లేరు, ఇద్దరూ కూతుళ్ళే. పెద్దామె చిత్తూరులో ఉంటుంది. మామ పోయాక అత్త మా ఇంటికి వచ్చింది. వచ్చిన రోజే నేను అనుకున్నాను, ఇంకొక నోరు అని. అనుకోలేదని చెప్పి ఇప్పుడు మంచివాణ్ణి అనిపించుకోలేను.

ఆమె ముప్పై ఏళ్ళు మామిడి నర్సరీలో అంటు కట్టింది. నాటు టెంక మొలిపించిన మొక్క తల కోసి, దాని మీద మంచి జాతి కొమ్మ పెట్టి, పట్టీ చుట్టే పని. రోజుకు మూడు వందల అంట్లు కట్టేదట. బొటనవేలి గోరు ఇప్పటికీ చాకులాగే ఉంటుంది.

మాది పూతలపట్టు దగ్గర, చిత్తూరు రోడ్డుకు అర మైలు లోపల, ఎకరన్నర కయ్య. చెనిక్కాయ వేసి వేసి విసిగిపోయాను. వాన వస్తే ధర ఉండదు, ధర ఉంటే వాన రాదు. నాలుగేళ్ళ కిందట ఆ కయ్యలో బేనీషా మామిడి అంటు మొక్కలు వంద నాటాను. పదేసి చెట్లతో పది వరసలు. మొదటి ఎండాకాలం మోపెడ్ మీద రెండు క్యాన్లు కట్టుకుని నీళ్ళు మోశాను. ఒక్క మొక్క చావలేదు. నా పేరు మీద నిలిచేది నా బతుక్కు ఇదొక్కటే ఉంటుందని నాకు తెలుసు. చదువు నిలవలేదు, హోటలు నిలవలేదు, తర్వాత నడిపిన ఆటో కూడా నిలవలేదు. ఈ తోట నిలవాలి. అది తప్ప ఇంకేమీ కోరుకోలేదు.

మొదటి జనవరిలో అక్కడక్కడా నాలుగు పూతలు వచ్చి గాలికి పోయాయి. రెండో జనవరిలో వంద చెట్లూ పూశాయి. నా నడుము ఎత్తు మొక్కలు, ఆకు కనబడకుండా పూత. ఆ రోజు కయ్య గట్టున గెనిమ మీద కూర్చుని గంటసేపు ఊరికే చూశాను. ఇంటికి వచ్చి రేవతికి చెబుతుంటే వంటింట్లోంచి అత్త గొంతు వినిపించింది.

"మే రేవతీ, మీ ఆయనకు సెప్పు. ఆ పూతంతా గిల్లెయ్యాల."

"ఏమిటికి?" అన్నాను.

రేవతి తల తిప్పింది. "ఏమిటికంట మా."

"మూడేండ్లు దాటేదాకా కాపు ఎక్కనియ్యగూడదు. పసిసెట్టు కాయ మోస్తే వేరు లోపలికి పోదు, మాను లావెక్కదు. మూడేండ్లు గిల్లితే ఆ తర్వాత ముప్పైయేండ్లు వొద్దన్నా కాస్తాది."

"మీ అమ్మకు సెప్పు, ఇంటికొచ్చిన లక్ష్మిని గిల్లి పారేసేవాణ్ణి గాదని."

"లక్ష్మి గాదు మే అది. భయం. నీళ్ళు సాలక, సచ్చేలోపల ఒక కాయన్నా కాసి పోదామని పూసినాది."

"సెట్టు మనసులోకి దూరి సూసొచ్చినాదా మీ అమ్మ?"

"ముప్పైయేండ్లు సూసినా అని సెప్పు."

రేవతి చేతిలో గరిటె పళ్ళెంలో పడేసింది. "ఇద్దురూ మూడడుగుల దూరంలో ఉండారు. నడమ నేనేమన్నా టపా మోసే మనిషినా? మీరే కొట్టుకు సావండి." అని మేకను విప్పుకుని బయటికి పోయింది. అత్త పొయ్యితో ఏదో గొణిగింది. నేను వినిపించుకోలేదు.

నా మనసులో ఉన్నది ఇది. రోడ్డు క్రాసు కాడ టీ అంగట్లో నా తోట కాయలు నా చేత్తో పంచాలి. మొక్కలు నాటిన రోజే "మునిచంద్ర మామిడి కాయలు తినేదాకా బతకాలప్పా మనం" అని ఎగతాళి చేసినవాళ్ళు ఉన్నారు. అందులో మా పక్క తోట ఏకాంబరం ఒకడు. అయిదెకరాల పాత తోట ఆయనది, తాత నాటింది. ముందుగా తిన్నవాళ్ళకే లోకువగా ఉంటుంది, ఇంకా తినాల్సినవాణ్ణి చూస్తే.

నాలుగు రోజుల తర్వాత తెల్లవారుజామున తోటకు పోయాను. వెలుగు ఇంకా పూర్తిగా రాలేదు. నాలుగో వరస చివర అత్త వంగి ఉంది. పక్కన గంప. గంప నిండా పూత. వెనక నాలుగు వరసలు బోడిగా, కత్తిరించిన తలల్లాగా ఉన్నాయి. గోరు పెట్టి తీసే చప్పుడు, టిక్కు టిక్కుమని, గెనిమ దాకా వినిపిస్తోంది.

"ఏం జేస్తాండావు?" అని అరిచాను.

రేవతి లేదు. మేక లేదు. ఆమె గంపతో మొదలుపెట్టింది. "సూడు గంపా, నేను దొంగతనానికేం రాలా. వాయన సెట్లే, వాయన మంచికే..."

"గంపతో ఏం మాటలు? ఎవురిని అడిగి గిల్లినావు? నాతో మాట్లాడు!"

కొంగు తల మీది నుంచి జారింది. సర్దుకోలేదు. లేచి నిలబడి, ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, నా ముఖంలోకి చూసింది.

"అయితే ఇను. నన్ను పదమూడేండ్లకు కననిచ్చినారు. మా అత్తోళ్ళకు తొందర. బిడ్డ మూడు దినాలుండి పోయినాడు. ఆ పొద్దు పోయిన నడుము ఇంగ నాకు రాలా. నిన్ను పన్నెండేండ్లకే గ్లాసులు కడగను తోలినారు. నీ కాపు మీ నాయన తినేసినాడు. నువ్వేమైనావు? తావకొచ్చినోణ్ణంతా కరస్తావు. నీకు సేసిందే నువ్వు ఈ సెట్లకి సేస్తాండావు."

అప్పుడు ఊరుకుని ఉండాల్సింది. నోట్లోంచి రాకూడనిది వచ్చింది.

"నా అన్నం తింటా నన్నే అంటావా? ఇంగ ఈ కయ్యలో కాలు పెట్టొద్దు."

ఆమె గంప కింద పెట్టింది. చేతులు దులుపుకుంది. కొంగు తల మీదికి లాక్కుని గెనిమ వెంబడి పోయింది. మధ్యాహ్నం బస్సుకు చిత్తూరు వెళ్ళిపోయింది. రేవతి ఆపలేదు. రాత్రి నాకు అన్నం పెడుతూ ఒకే మాట అంది. "మాయమ్మ నలభై గిల్లినాది. నువ్వు అరవై కాపాడుకున్న్యావు. సూద్దాం."

అరవై చెట్లూ కాశాయి. కొమ్మలు నేలకు వంగితే కంది కట్టె పోట్లు పెట్టాను. మే నెలలో ఒక సంచినిండా కాయలు మోసుకుని క్రాసుకు పోయి టీ అంగట్లో అందరికీ పంచాను. అంగడాయనకు రెండు ఇచ్చాను. ఏకాంబరానికి ఏరి పెద్ద కాయ ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, "కాయ బాగుండాది మునిచంద్రా" అన్నాడు. నా ఛాతీ పొంగింది. ఆయన కాయను పక్కన పెట్టి, టీ ఒక గుక్క తాగి, "సెట్టు ఎట్లుండాది?" అన్నాడు.

"సెట్టుకేం, బెమ్మాండంగా ఉండాది" అన్నాను.

ఆ సంవత్సరం వానలు పల్చగా పడ్డాయి. పడిన ఆ రెండు వానలకే అత్త గిల్లిన నలభై చెట్లు రెండు సార్లు ఇగురు వేశాయి. రాగి రంగు లేతాకుల ఇగురు, చేతిలో పట్టుకుంటే మెత్తగా జారేది. ఆ చెట్లు నా భుజం దాకా లేచాయి. నా అరవై మాత్రం నిలిచినచోటే నిలిచాయి. ఒక్క ఆకు కొత్తది పెట్టలేదు. నేను మొండివాణ్ణి. నలభైకి నీళ్ళు తగ్గించి అరవైకి ఎక్కువ పోశాను. పేడ తెచ్చి వేశాను. ఒక ఆదివారమంతా అరవై చెట్ల మొదళ్ళు తవ్వి పాదులు చేశాను. చెట్లకు నా మొండితనం అర్థం కాలేదు. కొమ్మల చివర్లు నల్లబడడం మొదలై కిందికి దిగింది. డిసెంబరు దాటేసరికి పందొమ్మిది నిలువునా ఎండిపోయాయి.

ఎండిన ప్రతి చెట్టు దగ్గరా నిలబడి ఎవరిని తిట్టాలా అని చూశాను. వానను తిట్టాను. మొక్కలిచ్చినవాణ్ణి తిట్టాను. మా నాయన చచ్చిపోయి పదకొండేళ్ళయింది, ఆయన్నీ తిట్టాను. పందొమ్మిదో చెట్టు దగ్గర తిట్టడానికి మనిషి మిగల్లేదు. అక్కడే కూలబడ్డాను. మా నాయన ఎందుకట్లా చేశాడో నాకప్పుడు తెలిసింది. ఆయన చెడ్డవాడు కాడు. ఎదురుగా పూత కనబడింది, గిల్లలేకపోయాడు. నేనూ అంతే.

జనవరి వచ్చింది. నలభై చెట్లు మళ్ళీ పూశాయి. ఈసారి ఎట్లా గిల్లాలో నాకు తెలియదు. ఎక్కడ గిల్లాలి, ఎంత వదలాలి, బెరడు చీలితే ఏమవుతుంది, ఏదీ తెలియదు. ఏకాంబరాన్ని అడగొచ్చు. కానీ అడగాల్సిన మనిషి ఆయన కాదు. ఒక పూత కొమ్మ కోసి, తడిగుడ్డలో చుట్టి, చిత్తూరు బస్సు ఎక్కాను. నేను పోతున్నట్టు రేవతికి చెప్పలేదు. నేను ఇల్లు దాటుతుంటే ఆమే గడపలోంచి చూసి, "మాయమ్మకు వక్కాకు అంటే ఇష్టం. మర్సిపోవద్దు" అని మాత్రం అంది.

రేవతి అక్క, మా వదిన, ఇంట్లో లేదు, పనికి పోయి ఉంది. అత్త వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసి కొంగు కప్పుకుని లేచి తలుపు చాటుకు పోయింది. లోపల వదిన కూతురు జాహ్నవి పుస్తకం ముందర పెట్టుకుని ఉంది. డిగ్రీ చదువుతుంది.

"జాహ్నవీ, మీ సిన్నాయనకు నీళ్ళియ్యి."

"ఆయన నీ ముందరే నిలబడుకోని ఉండాడు గదవ్వా. నువ్వే ఇయ్యి."

"గమ్మున ఇయ్యి మే!"

నీళ్ళు తాగాను. దారిలో కొన్న వక్కలూ తమలపాకులూ గడప మీద పెట్టాను. తడిగుడ్డ విప్పి పూత కొమ్మ వాటి పక్కన పెట్టాను. 

"మీ అవ్వకు సెప్పు పాపా. పూత వొచ్చినాదని."

తలుపు వెనక నుంచి, "ఎన్నిటికంట?"

"నలభైకి."

"తక్కిన అరవై?"

"పందొమ్మిది ఎండిపోయినాయి. తక్కినవి ఉండాయంటే ఉండాయి."

ఇక మొదలవుతుంది అనుకున్నాను. నేనైతే వదిలేవాణ్ణి కాదు. 'సెప్పలేదా నేను' అనే మాట కోసం సంవత్సరం పాటు కాచుకుని ఉండేవాణ్ణి. ఆమె అన్నది వేరే.

"ఎండినవి పీకేసినాడా అని అడుగు."

"లేదు" అన్నాను. పీకడానికి నాకు చేతులు రాలేదు.

"మంచి పని. వేరు పచ్చింగా ఉంటే అంటు కింద నుంచి నాటు ఇగురు లేస్తాది. దాని మీద మళ్ళా అంటు కట్టొచ్చు. ఆ నలభైలో నుంచే కొమ్మ తీసుకోవచ్చు."

జాహ్నవి పుస్తకం మూసి, "ఏం సిన్నాయనా, కండ్లు తుడుసుకుంటాండావు?" అంది.

"సింతపండు దుమ్ము" అన్నాను.

"అవ్వా, సిన్నాయన ఏడస్తాండాడే!"

"నోర్మూసుకోని నా గుడ్డల సంచి తీసుకురా మే" అంది అత్త.

ఆ సాయంత్రం బస్సులో ఆమె ఆడవాళ్ళ సీట్లో, నేను వెనక. పూతలపట్టు దగ్గర దిగి ముందు నేను, పది అడుగుల వెనక ఆమె. నా అన్నం తింటున్నావన్న మాటకు నేను క్షమాపణ అడగలేదు. మా ఇళ్ళల్లో అల్లుళ్ళు అడగరు. ఇంటికి పోయాక ఆమె చేతులు కడుక్కోవడానికి నేనే చెంబుతో నీళ్ళు పోశాను. ఆమె వద్దనలేదు. రేవతి అది చూసి ఏదో పని ఉన్నట్టు ఇంట్లోకి పోయింది.

మరుసటి రోజు నలభై చెట్లకు నేను గిల్లాను. ఈ ఏడాదిలో ఆమెకు కళ్ళు మసకబారాయి, గొడుగు కింద కూర్చుని గిల్లే చప్పుడు విని చెప్పేది. "మే రేవతీ, లాగొద్దని సెప్పు, లాగినట్టు ఇనిపిస్తాండాది. గోరు పెట్టి తుంచాల. కింద ఆకుల గుత్తి ఇడసాల, దాన్నుంచే ఇగురొస్తాది." మొదటి చెట్టు గిల్లడానికి నాకు అరగంట పట్టింది. ఒక్కొక్క పూత తీస్తుంటే నా జేబులోంచి నేనే దొంగిలించుకుంటున్నట్టు ఉండింది. పదో చెట్టుకు చెయ్యి అలవాటైంది. ఇరవయ్యో చెట్టు దగ్గర నాకు ఎందుకో ఆ లెక్కల అయ్యవారు గుర్తొచ్చాడు. ఎర్రటి ఎండలో రెండు మైళ్ళు నడిచి మా ఇంటికి వచ్చాడు ఆయన. నేను ఇన్నేళ్ళూ మా నాయనను తిట్టుకున్నానే గానీ ఆ వచ్చిన మనిషిని ఒక్కసారీ తలచుకోలేదు.

ఎండినవాటిలో పదకొండింటికి కింద నుంచి ఇగురు లేచింది. జూలై చివర, ఆడిమాసంలో వానలు పడ్డాక ఆమె చాకు నా చేతికి ఇచ్చి అంటు కట్టించింది. నేను కోస్తే ఆమె వేళ్ళతో తడిమి, "ఇంగా పల్సగా", "ఇంగా ఏటవాలుగా" అని రేవతికి చెప్పేది. రేవతి నాకు చెప్పడం కూడా మానేసింది, నవ్వుతూ పట్టీలు అందించేది. పదకొండింట్లో ఎనిమిది పట్టాయి. బతికిన తక్కిన నలభై ఒకటినీ కొమ్మలు కుదించి కోయించింది. అవి కోలుకోవడానికి ఇంకా రెండేళ్ళు పడుతుందట. ఆ ఎనిమిదీ కాసేసరికి నాకు యాభై అయిదు దాటుతుంది. దాటనీ.

ఈ జనవరిలో ఆ ఎనిమిది చిన్న అంట్లకూ తలా ఒక పూత వచ్చింది. పొద్దున్నే పోయి గిల్లి వచ్చాను. నలభై పెద్ద చెట్లను మాత్రం అత్త ఈసారి కాపుకు వదిలింది. వదిలింది గానీ, "సెట్టుకు పదికి మించి ఉండగూడదు, తక్కిన పిందె రాల్చెయ్యమను" అని షరతు పెట్టింది. రాల్చాను. ఏకాంబరం గెనిమ మీద నిలబడి చూసి, "ఏమప్పా, బంగారట్లా పిందె రాలస్తాండావే, పిచ్చి పట్టినాదా?" అన్నాడు. నేను ఊరకే నవ్వాను. నేను నవ్వడం ఆయన ఎప్పుడూ చూడలేదేమో, ఇంకేమీ అనకుండా పోయాడు.

మొన్న మొదటి కాయ కోశాను. రెండు చేతుల్లో పట్టేంత కాయ. సొన కారిపోయేదాకా తలకిందులుగా పట్టుకుని, కడిగి, తెచ్చి అత్త చేతిలో పెట్టాను. ఈ కాయ నువ్వు కాపించిందే అని చెప్పాలనుకున్నాను. మేక వైపు చూశాను గానీ మేకకు కూడా చెప్పలేకపోయాను. ఆమె కాయను ఒళ్ళో పెట్టుకుని, తొడిమ దగ్గర ముక్కు పెట్టి, బొటనవేలితో మెల్లిగా నొక్కింది. తర్వాత అంది:

"మే రేవతీ, ఇంగా మూడు దినాలు గడ్డిలో మాగబెట్టమను."

కాయను మంచం కింద వరిగడ్డిలో పెట్టాను. నేటికి రెండు దినాలైంది. ఇందాక ఒకసారి గడ్డి తీసి చూశాను. వాసన మొదలైంది. మళ్ళీ కప్పేశాను.